గంటకో ఫొటో: మామూలు శనివారానికీ ఒక చిట్టా ఉండాలి

మీ ఫోన్ గ్యాలరీ ఒకసారి తెరిచి చూడండి. నిఖా, వలీమా, ఈద్, పిల్లల పుట్టినరోజులు వందల్లో ఉంటాయి. మామూలు శనివారం ఒక్కటైనా ఉందా? అమ్మీ స్టవ్ వెలిగించడం, అబ్బా బండి తుడుచుకోవడం, దాదీ బియ్యంలో రాళ్లు ఏరడం వెతికినా దొరకవు. ఏడాదిలో ఎక్కువగా మనం బతికేది ఇలాంటి రోజులే. లెక్కలో లేనివి కూడా ఇవే.

దీనికి సులువైన పద్ధతి ఉంది. శనివారం పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా ఫోన్‌లో గంటగంటకూ అలారం పెట్టుకోవాలి. అది మోగినప్పుడు ఇంట్లో ఏం జరుగుతుంటే దాన్నే ఒక్క ఫొటో తీయాలి. సర్దుకోవడం, నవ్వమని చెప్పడం ఉండకూడదు. రోజు ముగిసేసరికి 17 ఫొటోలు అవుతాయి.

కామర్స్ చదివినవాళ్లకు చిట్టా అంటే తెలుసు. పెద్దదైనా చిన్నదైనా ఏ లావాదేవీ జరిగినా అదే రోజు తేదీ వేసి రాసేస్తాం. పెళ్లి ఆల్బమ్‌లో బాగున్నవి ఏరి పెడతాం. గంట ఫొటోల్లో ఆ వీలు లేదు. ఏది తీయాలో గడియారమే చెబుతుంది.

ఇలాంటి పని ప్రపంచ స్థాయిలో జరిగింది, అదీ శనివారమే. 2010 జూలై 24న మీ రోజు ఎలా గడిచిందో వీడియో తీసి పంపమని దర్శకుడు కెవిన్ మెక్‌డొనాల్డ్ బృందం యూట్యూబ్ ద్వారా అందరినీ అడిగింది. 192 దేశాల నుంచి 80 వేల వీడియోలు, మొత్తం 4,500 గంటల నిడివి వచ్చాయి. వాటి నుంచి గంటన్నర సినిమా ‘లైఫ్ ఇన్ ఎ డే’ తయారైంది. కరోనా కాలంలో, 2020 జూలై 25 శనివారం, మళ్లీ అడిగితే 3 లక్షల 24 వేల వీడియోలు వచ్చాయి. నిద్ర లేవడం, వంట చేసుకోవడం లాంటివి కూడా దాచుకోదగ్గవే అని జనం ఒప్పుకున్నట్టే కదా.

మనకు ఇది కొత్తేం కాదు. ఇబ్రహీంపట్నం పక్కనే ఉన్న కొండపల్లి బొమ్మలు చూడండి. దేవుళ్లు, రాజులతో పాటు రోకలితో దంచే ఆడవాళ్లు, ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కే మనిషి కూడా పొనికి కర్రలో ఉన్నారు.

ఇబ్రహీంపట్నంలో ఒక ఇల్లు అనుకుందాం. ఆరింటికి ఫజర్ తర్వాత చాయ్. ఎనిమిదింటికి థర్మల్ స్టేషన్ డ్యూటీకి టిఫిన్ క్యారియర్. పదకొండుకు కూరగాయల సంచి. రెండింటికి దస్తర్‌ఖాన్. అయిదింటికి మేడ మీద ఆరిన బట్టలు. ఏడింటికి మగ్రిబ్ అయ్యాక పిల్లల హోంవర్క్. పదింటికి సింక్‌లో గిన్నెలు. ఇప్పుడు 17 ఫొటోలూ వరసగా పెట్టి లెక్కపెట్టండి. అమ్మీ నిలబడి ఉన్నవి ఎన్ని, కూర్చున్నవి ఎన్ని? ‘ఇంట్లోనే ఉంటావు కదా, ఏం పని?’ అనే మాటకు జవాబు అక్కడే దొరుకుతుంది.

ఒక జాగ్రత్త. ఫొటో తీసేవాళ్లు ఫొటోలో ఉండరు. అందుకే గంటకొకరి చేతికి ఫోన్ మారాలి. దాదీకి, చిన్నపిల్లలకు కూడా వంతు ఇవ్వండి.

ఇంకోటి, పర్దా. ఇంట్లో ఆడవాళ్లకు ఇష్టం లేకపోతే ముఖం తీయొద్దు. పిండి కలిపే చేతులు, గుమ్మం దగ్గర చెప్పులు, విప్పి పెట్టిన కళ్లజోడు చాలు. ఈ సమస్య పాతదే. ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లోనే హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసం జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక మహిళ చేతికే అప్పగించారు. కెమెరా ఎవరి చేతిలో ఉందన్నది అప్పుడూ ముఖ్యమే. ఈ ఫొటోలు స్టేటస్‌లో పెట్టడానికి కాదు. ఎవరి ఫొటో వాళ్లు తీసేయమంటే మాట్లాడకుండా తీసేయాలి.

తీసినవి నిలవాలి కూడా. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గుతుంది, లోపల నమోదైన సమయం పోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న బంధువు దగ్గర ఉంచండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకు సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటప్పుడు బీరువా అడుగు అరలో ఉన్న ఒకే ఒక్క ఆల్బమ్ మిగలదు. ప్రింట్ తీయిస్తే వెనక పెన్సిల్‌తో తేదీ, గంట, పేర్లు రాయండి. పదేళ్ల తర్వాత పిల్లలు అడిగేది అవే.

ఖర్చు దాదాపు ఏమీ లేదు. వచ్చే శనివారమే మొదలుపెట్టండి. మొదటి అలారం ఆరింటికి. దానికంటే ముందే లేచి ఉన్నది ఎవరో మొదటి ఫొటోలోనే తెలుస్తుంది.