పట్టణము చుట్టూ దేవుని తోట

ఆసుపత్రి పని మీదనో, పిల్లల చదువు కోసమో, బంధువుల ఇంట పెండ్లికో మన పల్లె కుటుంబాలు ఏడాదికి ఒకసారైనా హైదరాబాదు వెళ్ళి వస్తుంటాయి. పని ముగిసి ఒక పూట మిగిలితే చార్మినారు, ట్యాంకుబండు, బట్టల కొట్లు చూచి బస్సు ఎక్కుతాము. అవి చూడవద్దని మేము చెప్పము. అయితే ఆ మహానగరములోను, దాని చుట్టుపక్కలను సృష్టికర్త చేతిపనిని చూపించే స్థలాలు కొన్ని ఉన్నాయి. అక్కడ ఖర్చు కొద్దిది, పిల్లలు నేర్చుకొనేది ఎక్కువ. పెద్దలమైన మనకు కూడ అక్కడ ఒక హెచ్చరిక ఉన్నది.

జింకలకు మిగిలిన నేల

విజయవాడ రోడ్డున వచ్చేవారికి నగరము మొదట్లోనే వనస్థలిపురము తగులుతుంది. అక్కడే మహావీర్ హరిణ వనస్థలి ఉన్నది. వర్ధమాన మహావీరుని నిర్వాణమునకు 2500 సంవత్సరాలు నిండిన సందర్భముగా 1975లో దీనికి ఆ పేరు పెట్టి ఏర్పాటు చేశారు. 1994లో ఇది జాతీయ వనమైనది. విస్తీర్ణము సుమారు 3,600 ఎకరాలు. ఒకప్పుడు నిజాం ప్రభువులు వేటాడిన నేల ఇది. తుపాకులు మ్రోగిన చోట నేడు కృష్ణజింకలు మందలుగా మేస్తున్నాయి. ఎదిగిన మగజింక వీపు నల్లగా, కడుపు తెల్లగా, కొమ్ములు మెలితిరిగి ఉంటాయి. ఆడజింక లేత గోధుమ రంగులో ఉంటుంది.

"మా చేనంతా మేసిపోయే జింకను చూడడానికి మళ్ళీ టిక్కెట్టు కూడానా?" అని నారాయణపేట ప్రాంతపు రైతు అడిగితే ఆ మాటను మేము తేలికగా తీసుకొనము. అక్కడ కృష్ణా తీరపు పొలాల్లో కృష్ణజింకల మందల వలన రైతులు నిజముగా నష్టపోతున్నారు. రాత్రంతా కావలి కాసినవారికే ఆ బాధ తెలుసు. ఆ నష్టమునకు పరిహారము అడగడము న్యాయమే. అయినా ఒక మాట ఆలోచించాలి. బీళ్ళు, పచ్చిక నేలలు తరిగిపోయిన కొద్దీ జింకకు మేత దొరికే చోటు చేనే అవుతుంది. దానికంటూ కొంత నేల మిగిలిస్తే మన చేనుకే మేలు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో దేవుడు తన ప్రజలకు ఒక చిన్న ఆజ్ఞ ఇచ్చాడు. దారిలో పక్షి గూడు కనబడితే పిల్లలను తీసుకొనవచ్చును గాని తల్లిని వాటితోపాటు పట్టుకొనకూడదు. ఆలాగు చేసినవారికి మేలు కలుగునని, దీర్ఘాయువు కలుగునని వాగ్దానము కూడ చేశాడు. తీసుకో, కాని మొదలంటా తీసుకొనవద్దు అనేదే దీనిలోని పాఠము.

రాళ్ళు, చెట్లు, నెమళ్ళు

నగరము నడిబొడ్డున జూబ్లీహిల్స్ దగ్గర కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనము ఉన్నది. 1998లో దీనిని జాతీయ వనముగా ప్రకటించారు. విస్తీర్ణము సుమారు 350 ఎకరాలు. చుట్టూ మేడలు, మోటార్ల రొద. లోపల నెమలి కూత. ఆ ప్రాంతమంతా కనబడే గుండ్రని బండరాళ్ళు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. వాటి ప్రక్కన నిలిచినప్పుడు మన డెబ్బది ఏండ్ల బ్రదుకు ఎంత కొద్దిదో బాగా అర్థమవుతుంది.

చిలుకూరు దగ్గర మృగవని జాతీయ వనములో చుక్కల జింకలు, కణుజులు, అడవిపందులు ఉన్నాయి. పిల్లలకు పులిని, సింహమును, ఏనుగును చూపించాలంటే నెహ్రూ జంతు ప్రదర్శనశాలకు వెళ్ళండి. 1963లో ప్రారంభమైన ఈ జూ 380 ఎకరాలలో, మీర్ ఆలం చెరువు ప్రక్కన ఉన్నది.

నీళ్ళు చెప్పే సాక్ష్యము

అన్నిటికంటె ఎక్కువగా ఆలోచింపజేసేవి గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువులు. సాయంకాలము గాలికి కట్ట మీద నిలుచుంటే అవి వినోదము కొరకు త్రవ్వినవే అనిపిస్తుంది. కాని వాటి వెనుక గొప్ప దుఃఖము ఉన్నది. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదును ముంచివేసింది. సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. ఆ రోజున అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టు నేటికీ ఉన్నది. యేసును చూచుటకు జక్కయ్య మేడిచెట్టు ఎక్కాడు. ఇక్కడ ప్రాణము కొరకు 150 మంది చింతచెట్టు ఎక్కారు. దానిని నాటినవారెవరో తమ చెట్టు ఇంతమందిని మోస్తుందని ఎన్నడైనా అనుకొన్నారా?

ఆ వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా మీద ఈ రెండు జలాశయాలు కట్టారు. గండిపేట 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయినాయి. ఒకే కట్టడము వరదను ఆపినది, త్రాగే నీరు కూడ ఇచ్చినది. 1996లో ప్రభుత్వము 111వ నంబరు ఉత్తర్వు ఇచ్చి, వీటికి నీరు వచ్చే 84 గ్రామాలలో పరిశ్రమలను, పెద్ద కట్టడాలను ఆపింది. తమ భూములకు ధర రాకుండ పోయినదని ఆ గ్రామాల రైతులు బాధపడ్డారు. 2022లో ప్రభుత్వము ఆ నిబంధనలను సడలించింది. రైతు కష్టమూ నిజమే, చెరువు అవసరమూ నిజమే. ఒకరి నష్టము మీద మరొకరికి నీళ్ళు ఇవ్వకుండ రెంటినీ కాపాడే జ్ఞానము పాలకులకు కలుగునట్లు సంఘము ప్రార్థించాలి.

నీటి దారిని మూసివేస్తే ఏమగునో 2020 అక్టోబరులో మరల కనబడింది. కుండపోత వానకు చెరువుల కట్టలు తెగి, కాలనీలు మునిగి, ప్రాణాలు పోయాయి. చెరువు శిఖములోను, నాలాల మీదను ఇండ్లు లేచిన తరువాత నీళ్ళు ఎటు పోతాయి?

మన ఊరి మాట

ప్రియులారా, పట్టణమువారు గోడ కట్టి, కావలి పెట్టి, టిక్కెట్టు కొని చూచేది మన ఊరిలో ఊరకే ఉన్నది. ఊరి చెరువు, గుట్ట, పశువులు మేసే బంజరు, బాట ప్రక్కన చింతలు, వేపలు. ఊరకే వచ్చినది గనుక దాని విలువ మనకు తెలియదు. చెరువు శిఖములో ఒక గట్టు జరిపితే ఏమవుతుందిలే అనుకొంటాము. గుట్టను కంకర కొరకు అమ్ముకొంటాము. అన్నీ పోయిన తరువాత పిల్లలకు జింకను చూపించడానికి హైదరాబాదు టిక్కెట్టు కొంటాము.

ఆదికాండము 2:15లో దేవుడు ఆదామునకు రెండు పనులు అప్పగించాడు. తోటను సేద్యము చేయడము ఒకటి, దానిని కాయడము రెండవది. సేద్యము మన తాత ముత్తాతల నుండి మనకు వచ్చు. కాయడమే మరచిపోతున్నాము. పాపము వలన ఆదాము తోటను పోగొట్టుకొన్నాడు గాని, భూమిని బాగుగా చూచుకొనే పని మన మీదనుండి తీసివేయబడలేదు.

వెళ్ళేవారికి నాలుగు మాటలు

జంతు ప్రదర్శనశాలకు సోమవారము సెలవు. మిగిలినవాటి వేళలు బయలుదేరే ముందే కనుక్కోండి. ఉదయము పెందలకడ వెళ్ళితే ఎండ తక్కువ, జంతువులు కనబడేది ఎక్కువ. ఇంటినుండి సద్ది, త్రాగే నీళ్ళు తీసుకొని వెళ్ళండి. ప్లాస్టిక్ సంచులు మాత్రము అక్కడ వదలివేయకండి, జంతువులు మ్రింగి చనిపోతాయి. కోతులకు, జింకలకు తినుబండారాలు పెట్టకండి. పిల్లలు అరవకుండ చూడండి. మౌనముగా నిలిచినవారికే అడవి కనబడుతుంది.

సండే స్కూలు ఉపాధ్యాయులు పిల్లలను తీసుకొని వెళ్ళే ముందు 104వ కీర్తన చదివించండి. తిరిగి వచ్చిన తరువాత వచ్చే ఆదివారము సంఘమంతా కలిసి ఊరి చెరువు కట్ట వరకు నడవండి. కట్ట మీద రెండు చింత మొక్కలు నాటి, పశువులు మేయకుండ ముళ్ళకంప కట్టండి. వాటి నీడ మనకు దక్కకపోవచ్చును. ఎవరి ప్రాణమునకు ఏ కొమ్మ ఆసరా అవుతుందో దేవునికే తెలుసు.

సృష్టికర్తయైన దేవుడు మిమ్మును, మీ పిల్లలను, మీ ఊరి నీటిని, నేలను కాపాడును గాక! ఆమెన్.