మీకు తెలుసా? పదో వంతు, గుప్పెడు బియ్యం

భీమిలిలోని 19వ శతాబ్దపు సెయింట్ పీటర్స్ చర్చి అయినా, పల్లెలోని పాక చర్చి అయినా ఆరాధనలో కానుకలు పట్టడం మామూలే. ఎంత వేయాలన్నదే తెగని చర్చ. మోషే ధర్మశాస్త్రంలో పంటలో పదో వంతు ఆలయ సేవ చేసే లేవీయులది. అందులో పదో వంతు వాళ్లూ యాజకులకు ఇవ్వాల్సిందే! పరిసయ్యులైతే పుదీనాకు, జీలకర్రకు కూడా లెక్క కట్టేవారు. పౌలు మాత్రం కొరింథు సంఘానికి రాస్తూ వంతు మాటే ఎత్తలేదు, మనసుకు తోచినంత సంతోషంగా ఇమ్మన్నాడు. అందుకే కొన్ని సంఘాలు దశమభాగం తప్పదంటాయి, కొన్ని ఇష్టానికి వదిలేస్తాయి. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య దీనిమీద ‘క్రిస్టియన్ గివింగ్’ అని పుస్తకమే రాశారు.

మరి జీతం లేని ఇల్లాలికి పదో వంతు ఎక్కడిది? ఎసట్లో పోసే ముందు గుప్పెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం అవి చర్చికి చేరేవి. ఆ బియ్యం అమ్మగా వచ్చిన డబ్బు సంఘం ఖర్చులకు.