మీకు తెలుసా? మాంటికోర్ మన దేశపు మృగమట!

బల్ల మీద ఆడే యుద్ధ క్రీడల్లో రెక్కలు విప్పి, కోరలు చూపిస్తూ నిలబడే మాంటికోర్‌ను ప్రాచీన గ్రీకులు భారతదేశపు జంతువుగానే చెప్పుకున్నారు. క్రీస్తుపూర్వం 400 ప్రాంతంలో పర్షియా చక్రవర్తి రెండో అర్తజెర్క్సెస్ కొలువులో వైద్యుడిగా ఉన్న టీసియస్ అనే గ్రీకు, మన దేశం గురించి తాను విన్న సంగతులన్నీ ఒక పుస్తకంగా రాశాడు. అందులో ఉంది ఈ మృగం. సింహమంత ఒళ్లు, మనిషి ముఖం, మూడు వరుసల పళ్లు, కొండి ఉన్న తేలు తోక, ఆ తోకలోంచి బాణాల్లా దూసుకొచ్చే ముళ్లు. ఒంటి రంగేమో ఇంగిలీకపు ఎరుపు. క్రీస్తుశకం రెండో శతాబ్దపు యాత్రికుడు పౌసేనియస్ మాత్రం అది పులే అయి ఉంటుందని, ప్రాణభయం కొద్దీ జనం మిగతావన్నీ దానికి అంటగట్టారని అభిప్రాయపడ్డాడు.

టీసియస్ వర్ణనలో రెక్కల ఊసే లేదు. 1974లో అమెరికాలో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో మాంటికోర్‌కు గబ్బిలం రెక్కలున్నాయి. ఇంగ్లండ్‌లో 1983లో మొదలైన వార్‌హామర్ ఆట బొమ్మల్లోనూ దాన్ని రెక్కలతోనే చూస్తాం. నా దృష్టిలో ఈ బొమ్మకు రంగులు వేసేవాళ్ల ప్రతిభ బయటపడేది ఆ రెక్కల దగ్గరే. మాంటికోర్‌ను ఎవరూ చూడలేదు కాబట్టి రంగు తప్పని ఎవరూ అనలేరు. గబ్బిలాన్ని మాత్రం అందరూ చూశారు.

గబ్బిలం రెక్క నిజానికి చెయ్యి. బాగా సాగిన నాలుగు వేళ్ల మధ్య పరుచుకున్న పలుచని చర్మమే రెక్క. బొటనవేలు విడిగా, గోరుతో పైకి పొడుచుకుని ఉంటుంది. మన ఊళ్లలో మర్రికీ చింతకూ తలకిందులుగా వేలాడే పెద్ద గబ్బిలాలు సాయంత్రం బయల్దేరేటప్పుడు, వెనక నుంచి ఎండ పడితే ఆ చర్మం గోధుమ కలిసిన ఎరుపులో మెరుస్తుంది, వేళ్ల ఎముకలు నల్లని గీతల్లా తేలతాయి. ఇది గమనించినవాళ్లు బొమ్మ రెక్కకు ఒకే రంగు పులమరు. ఎముకల పక్కన ముదురు రంగు పెట్టి, చర్మం మధ్యకు వచ్చేసరికి నీళ్లలా పలచన చేసిన నారింజ ఎరుపును ఒకదాని మీద ఒకటిగా పొరలు వేస్తారు. చివర్లో సన్నని కుంచెతో రెండు మూడు నరాలు గీస్తారు. అంతకుమించి గీస్తే రెక్క కాస్తా ఆకులా కనిపిస్తుంది.

ఇంత శ్రమ దేనికంటే, చిన్న వస్తువు మీద వెలుగు తన పని తాను చేయదు. నిజమైన సింహం ఎండలో నిలబడితే పొట్ట కింద, డొక్కల్లో చిక్కని నీడ ఏర్పడుతుంది. ఈ ఆటల్లో మనిషి బొమ్మ ఎత్తే 28 మిల్లీమీటర్లు, మాంటికోర్ అరచేతిలో పడుతుంది. గదిలో దీపం వెలుగు అన్ని వైపుల నుంచీ దాన్ని చుట్టేస్తే నీడలు మాయమై బొమ్మ చప్పగా కనిపిస్తుంది. అందుకే నీడనూ వెలుగునూ కూడా రంగుతోనే సృష్టించాలి. ముందు బొమ్మంతా రంగు పట్టుకోవడానికి వేసే తొలిపూత, అంటే ప్రైమర్, నల్లది కొట్టి, ఆపైన నడినెత్తిన సూర్యుడు ఉన్నట్టుగా పైనుంచి మాత్రమే తెల్ల ప్రైమర్ చల్లే పద్ధతి అలా వచ్చిందే. దాన్ని జెనిథల్ అంటారు. ఎక్కడ నీడ ఉండాలో, ఎక్కడ వెలుగు పడాలో అసలు రంగు ముట్టకముందే తెలిసిపోతుంది. తర్వాత వాష్ అనే పలుచని ముదురు ద్రవం పూస్తే అది జూలు సందుల్లోకీ చర్మపు మడతల్లోకీ దానంతటదే జారి నిలుస్తుంది.

స్ప్రే ప్రైమర్‌కు వాతావరణం కలిసిరావాలి. మండుటెండలో కొడితే రంగు గాలిలోనే సగం ఆరిపోయి బొమ్మ మీద ఇసుక చల్లినట్టు గరుకుగా పడుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చివర్లో రక్షణకు కొట్టే వార్నిష్ తెల్లగా మసకబారుతుంది. మే నెల మధ్యాహ్నాలూ ముసురు పట్టిన రోజులూ ఈ పనికి పనికిరావు.

టీసియస్ చెప్పిన ఎరుపే వేద్దామంటే ఇంకో చిక్కుంది. ఇంగిలీకం పాదరసం, గంధకం కలిసిన ఖనిజం. విషపూరితమే అయినా కింది రంగును బాగా కప్పేస్తుంది. ఇప్పటి ఎరుపు రంగుల్లో చాలావాటికి ఆ గుణం తక్కువ. నలుపు మీద వేస్తే ఎన్ని పూతలైనా మురికిగానే ఉంటుంది. అందుకని కింద ముందుగా ఎర్రమట్టి రంగో, గులాబీయో పరుస్తారు. మెరుపు కోసం ఎరుపులో తెలుపు కలిపితే గులాబీ అయిపోతుంది కాబట్టి నారింజ కలుపుతారు.

రెక్కలు అతికించాక వీపు మీదికీ, డొక్కల్లోకీ కుంచె దూరదు. అందుకే చాలామంది వాటికి విడిగా రంగు వేసుకుని చివర్లో అతికిస్తారు. బరువైన లోహపు రెక్కలైతే ఒట్టి జిగురు ఆపలేదు. రెండు వైపులా సన్నని రంధ్రం చేసి, మధ్యలో తీగ ముక్క దూర్చి బిగిస్తారు.

కుంచె సంగతి కూడా చెప్పాలి. సన్నని పనికి చాలామంది కోరుకునేది కోలిన్‌స్కీ కుంచె. సైబీరియా ప్రాంతపు వీజిల్ అనే ముంగిసలాంటి జంతువు తోక వెంట్రుకలతో దాన్ని చేస్తారు. 1866లో విక్టోరియా రాణి తనకిష్టమైన 7వ నంబరు సైజులో మేలైన కుంచె చేయించుకుందని, విన్సర్ అండ్ న్యూటన్ కంపెనీ సిరీస్ 7కు ఆ పేరు అలాగే వచ్చిందని చెబుతారు. మన చేర్యాల నకాషీ చిత్రకారులు ఇదే అవసరానికి ఉడుత వెంట్రుకలను వాడారు.

ఇక ఆటల విషయానికొస్తే, బొమ్మలతో యుద్ధం ఆడటానికి నియమాలు రాసినవాళ్లలో ప్రసిద్ధ రచయిత హెచ్.జి. వెల్స్ ఒకరు. 1913లో వచ్చిన ఆయన ‘లిటిల్ వార్స్’ ఆటలో సీసపు సైనికులను స్ప్రింగు ఫిరంగితో నిజంగానే కొట్టి పడగొట్టేవారు. పాత లోహపు బొమ్మల్లో సీసం ఉంటుంది కాబట్టి అలాంటివి దొరికితే అరగదీసేటప్పుడు దుమ్ము పీల్చకూడదు, పని అయ్యాక చేతులు కడుక్కోవాలి. ఇప్పుడు ఎక్కువగా వచ్చేవి ప్లాస్టిక్ బొమ్మలు.

ఈ బొమ్మల రంగుల పోటీల్లో బాగా పేరున్నది 1987లో మొదలైన గోల్డెన్ డీమన్. అందులో అన్నిటికన్నా మేటి బొమ్మకు స్లేయర్ స్వోర్డ్ అనే నిజమైన పెద్ద కత్తి ఇస్తారు. రంగుల విలువ ఆటలోకీ వచ్చింది. 2020 నాటి వార్‌హామర్ 40,000 ఆట తొమ్మిదో కూర్పు ప్రకారం, సైన్యమంతటికీ రంగులు వేసి తెచ్చిన ఆటగాడికి 100 పాయింట్లలో 10 అందుకే దక్కేవి. కుంచె పట్టని ఆటగాళ్లకు ఇది అన్యాయంగా తోచవచ్చు. నాకు మాత్రం సబబే అనిపిస్తుంది, ఎందుకంటే ఆట సాగినంతసేపూ ఎదుటి మనిషి చూస్తూ కూర్చునేది ఆ బొమ్మలనే.