టాలెమీ పట్టికలో ఘంటసాల, మలయా

ఫోన్‌లో మనం పంపే లొకేషన్ వెనక ఉండేవి రెండే సంఖ్యలు: అక్షాంశం, రేఖాంశం. ఈ ఆలోచన హిప్పార్కస్ నాటిదే. అయితే క్రీ.శ. 150 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో కూర్చుని 6,000కు పైగా చోట్లకు ఇలా సంఖ్యలు కట్టినవాడు టాలెమీ.

ఆయన పట్టికలో కృష్ణా తీరం పేరు ‘మైసోలియా’. అక్కడి ‘కొంటకొస్సిల’ మన ఘంటసాలేనని చరిత్రకారుల మాట. ఆ తీరం వెంబడే, ఓడలు ఒడ్డు విడిచి బంగారు ద్వీపకల్పానికి బయల్దేరే చోటునూ రాశాడు. ఆ ద్వీపకల్పం ఇదే, మనముంటున్న మలయా! ఓడల్లో తెలుగువాళ్లున్నారో లేదో ఆయన చెప్పలేదు. అయినా, ఈ రెండు తీరాల మధ్య దారి రబ్బరు తోటల కాలంలోనే పడిందనుకునే మా పిల్లలకు ఇది చూపించాను.

సంఖ్యలు మాత్రం బాగా తప్పాయి. బీఎస్సీ చదివిన నాకు ఆ తప్పే ఎక్కువ ఆసక్తి. అక్షాంశం నక్షత్రాల ఎత్తును బట్టి తెలుస్తుంది. రేఖాంశానికి ఒకే గ్రహణాన్ని రెండు ఊళ్లలో చూసి వేళలు పోల్చాలి. అలాంటివి ఆయనకు దొరికింది చాలా తక్కువ, ప్రయాణికులు చెప్పిన దూరాలే ఆధారం. పైగా ఎరటోస్తనీస్ 2,52,000 స్టేడియాలన్న భూమి చుట్టుకొలతను 1,80,000గా తీసుకున్నాడు. దాంతో ఆసియా తూర్పుకు సాగిపోయింది. పడమరగా వెళ్తే ఆసియా దగ్గరేనని 1492లో కొలంబస్ నమ్మడానికి ఇదీ ఒక కారణం. సముద్రం మీద రేఖాంశం సరిగ్గా పట్టడానికి 18వ శతాబ్దంలో మంచి గడియారాలు వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.