ముసుగు, కెమెరా, అభినయం: మెక్సికో మల్లయుద్ధ చలనచిత్రాల చిత్రీకరణరీతి

వ్యాససంగ్రహం:
మెక్సికోలో 'లూచా లీబ్రే' అనే ముసుగు మల్లయుద్ధం ఆధారంగా 1950ల నుండి 1970ల వరకు అల్పవ్యయ చలనచిత్రాలు విస్తారంగా వెలువడ్డాయి. ముఖం కనిపించని నాయకుణ్ణి కెమెరా ఏ విధంగా చిత్రించింది, ముసుగు నిర్మాణవ్యయాన్ని ఎలా తగ్గించింది, మల్లుని జీవనోపాధి దృష్ట్యా అది చిత్రనిర్మాతలపై ఎలాంటి బాధ్యత మోపింది అనే అంశాలను అభినయ సిద్ధాంతం వెలుగులో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: లూచా లీబ్రే, ముసుగు, ఎల్ సాంతో, అల్పవ్యయ చిత్రం, ఆంగికాభినయం, సాత్త్వికభావాలు.

1. ఉపోద్ఘాతం

చలనచిత్రం రంగస్థలం నుండి వేరుపడి తనదైన భాషను సంతరించుకోవడంలో క్లోజప్ పాత్ర గణనీయమైనది. దూరంగా కనిపించే నటుని ముఖాన్ని తెర నిండా నింపి, కనురెప్ప కదలికకు సైతం అర్థం కల్పించింది అదే. అటువంటప్పుడు నాయకుడు మొదటి దృశ్యం నుండి చివరి దృశ్యం వరకు ముసుగు తీయకపోతే దర్శకునికి మిగిలే సాధనం ఏది? మెక్సికో మల్లయుద్ధ చిత్రాలు ఈ ప్రశ్నకు ఆచరణలో సమాధానం చెప్పాయి. వాటిని వింత కథల, చౌక నిర్మాణాల కోవలో చేర్చి తేలికగా చూడడం పరిపాటి. అభినయ దృష్టితో పరిశీలిస్తే వాటి చిత్రీకరణలో ఒక స్పష్టమైన పద్ధతి గోచరిస్తుంది.

2. ముసుగు విలువ

1933లో సాల్వడోర్ లుటెరోత్ మెక్సికో నగరంలో ఒక మల్లయుద్ధ సంస్థను స్థాపించడంతో లూచా లీబ్రే వ్యవస్థీకృతమైంది. మరుసటి సంవత్సరం ఆంటోనియో మార్టినెస్ అనే పాదరక్షల తయారీదారు ఒక మల్లునికి తోలు ముసుగు కుట్టి ఇచ్చాడు. ఆ ముసుగే క్రమంగా ఈ క్రీడకు గుర్తుగా మారింది. బరిలో నియమాలు పాటించేవారు 'టెక్నికో'లు, వాటిని మీరేవారు 'రూడో'లు. పోటీలు ప్రధానంగా మూడు పట్లకు జరుగుతాయి. అందులో రెండు గెలిచినవాడు విజేత.

పందెపు పోటీలో ఓడిన మల్లుడు అందరి ఎదుట ముసుగు తీసి తన అసలు పేరు చెప్పాలి. ఆ ముసుగును మళ్ళీ ధరించకూడదు. 1952 నవంబరులో ఎల్ సాంతో అనే మల్లుడు బ్లాక్ షాడో ముసుగును గెలుచుకున్న పోటీ మెక్సికో క్రీడాచరిత్రలో చిరస్మరణీయం. కాబట్టి ముసుగును కేవలం అలంకారంగా భావించరాదు. మల్లుడు ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న కీర్తీ, రేపటి భుక్తీ రెండూ దానిలోనే ఉన్నాయి.

3. బరి నుండి తెరకు

1952లో ఈ మల్లయుద్ధం చలనచిత్ర కథావస్తువుగా స్థిరపడింది. అదే ఏడాది చిత్రీకరించిన 'ఉరకాన్ రామిరెస్' ఇందుకు విశిష్టమైన ఉదాహరణ. అందులోని ముసుగు వీరుడు కల్పిత పాత్ర. నటుడు డేవిడ్ సిల్వా ఆ పాత్ర పోషించగా, బరిలోని పోరాటాలను ఆ ముసుగు ధరించిన మల్లుడు నిర్వహించాడు. తరువాత డానియెల్ గార్సియా అనే మల్లుడు అదే ముసుగుతో, అదే పేరుతో నిజమైన బరిలో దీర్ఘకాలం పోటీ చేశాడు. తెరమీద పుట్టిన పాత్ర ఈ విధంగా వాస్తవ జీవితంలో ప్రవేశించింది.

ఎల్ సాంతో మొదటి రెండు చిత్రాలు 1958లో క్యూబాలో చిత్రీకరణ జరుపుకొని 1961లో విడుదలయ్యాయి. ఆపైన ఆయన నటించిన చిత్రాల సంఖ్య 50 దాటింది. 1950లలో మెక్సికో నగరంలో కుస్తీ పోటీల టెలివిజన్ ప్రసారాలు ఆగిపోవడం కూడా ఈ చిత్రాల ఆదరణకు దోహదం చేసింది. బరి వద్దకు వెళ్ళలేని ప్రేక్షకునికి సినిమాహాలే బరి అయింది.

4. అల్పవ్యయంలో ముసుగు పాత్ర

ఈ చిత్రాలలో అనేకం 'ఎస్తూదియోస్ అమెరికా' స్టూడియోలో తయారయ్యాయి. 1945లో సినీకార్మిక సంఘం చీలిపోయినప్పుడు పూర్తి నిడివి కథాచిత్రాల హక్కు ఒక వర్గానికి దక్కింది. ఈ స్టూడియోలో పనిచేసే రెండవ వర్గానికి లఘుచిత్రాలకే అనుమతి మిగిలింది. అందువల్ల నిర్మాతలు విడివిడి కథాభాగాలుగా చిత్రించి, వాటిని కలిపి ఒక పూర్తి చిత్రంగా విడుదల చేసేవారు. నేడు ఆ చిత్రాలలో కథ అతుకులతో సాగినట్లు అనిపించడానికి దర్శకుని అసమర్థతతో పాటు ఈ వ్యవస్థ కూడా కారణమని గుర్తించాలి.

ఇటువంటి పరిమితులలో ముసుగు మూడు విధాలుగా అక్కరకు వచ్చింది. మొదటిది, ముఖం కనిపించదు కనుక డూప్‌ను గుర్తుపట్టడం కష్టం. రెండవది, పెదవుల కదలిక అంతగా తెలియదు కనుక డబ్బింగ్ సులభం. ఎల్ సాంతోకు అనేక చిత్రాలలో వేరే నటులు గాత్రం అరువిచ్చారు. మూడవది, ముసుగు మారదు కనుక వాస్తవ పోటీల దృశ్యాలను కథలో కలిపినా పొసగుతాయి.

5. అభినయ దృష్టి

నాట్యశాస్త్రం ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికాలని అభినయాన్ని నాలుగుగా విభజించింది. ముసుగు వీరునిలో ఆహార్యం స్థిరం, వాచికం పరాధీనం. సాత్త్వికం మాటేమిటి? ఎనిమిది సాత్త్వికభావాలలో వైవర్ణ్యం ముసుగులో పూర్తిగా మరుగవుతుంది, అశ్రువు దాదాపు కనిపించదు. స్వరభేదం డబ్బింగ్ నటుని సొత్తు. రోమాంచం కెమెరాకు అందదు. మిగిలినవి స్తంభం, స్వేదం, వేపథువు, ప్రళయం. ఈ నాలుగూ ముఖంతో పనిలేకుండా దేహంపై వ్యక్తం కాగలవు. బరి తాళ్ళు పట్టుకొని వణికే భుజాలు, చెమటతో మెరిసే ఛాతీ, దెబ్బ తిని నిశ్చేష్టమై ఒరిగిపోయే శరీరం మల్లుడు తన వృత్తిలోనే నేర్చిన అభినయం. మన తోలుబొమ్మలాటలో బొమ్మ ముఖం మారకపోయినా, తెర వెనుక గాత్రమూ అవయవాల కదలికా కలిసి భావాన్ని పలికించే తీరు ఇక్కడ పోల్చదగినది.

ఇందుకు తగినట్లే కెమెరా తన స్థానాన్ని ఎంచుకుంది. బరి దృశ్యాలలో నిలువెత్తు దేహం కనిపించే దూరం నుండి, పట్టు మొదలై ముగిసే వరకు ఎక్కువ కోతలు లేకుండా చిత్రించడం కనిపిస్తుంది. పడిన దేహానికి నొప్పి నిజం కనుక, ఒకే పాటును పదేపదే తీయించడం సాధ్యం కాదు. నడుమ నడుమ కేకలు వేసే ప్రేక్షకుల ముఖాలను చూపడం మరొక ఉపాయం. నాయకుని ముఖంపై చదవవలసిన భావాన్ని మనం వారి ముఖాలపై చదువుతాము. క్లోజప్ లోపించిన చోట జనసమూహమే నాయకునికి ముఖమవుతుంది.

6. చిత్రీకరణలో బాధ్యత

ముసుగు ఎంత సౌలభ్యమిచ్చిందో అంత బాధ్యతనూ మోపింది. నటుడు చిత్రీకరణ ముగియగానే వేషం తీసివేస్తాడు. ముసుగు మల్లునికి ఆ వెసులుబాటు లేదు. అజాగ్రత్తగా తీసిన ఒక్క దృశ్యం, పందెంలో ఓడకుండానే అతని ముసుగును ఊడబెరకగలదు. అందుచేత చిన్న బృందంతో, కొద్ది వ్యయంతో మల్లులను చిత్రించేవారు ముసుగు మార్చుకునే చోట కెమెరా నిలపకపోవడం, కూర్పులో ముఖం కనిపించే భాగాలను తొలగించడం, బరి పేరునే తెరపై వేయడం కనీస ధర్మాలు. వాటికి అదనపు ఖర్చేమీ లేదు.

ఎల్ సాంతో జీవితాంతం దాదాపు ఈ నియమాన్ని పాటించాడు. 1984 జనవరి చివరలో ఒక టెలివిజన్ కార్యక్రమంలో ముసుగును పాక్షికంగా తొలగించాడు. ఫిబ్రవరి 5న మరణించాడు. వెండి ముసుగుతోనే ఆయనను ఖననం చేశారు.

7. ముగింపు

మెక్సికో నగరం 2018లో లూచా లీబ్రేను తన సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది. ఆ వారసత్వంలో చలనచిత్రాల వాటా చిన్నది కాదు. డబ్బు లేమి, సంఘాల నిబంధనలు, తీయరాని ముసుగు అనే మూడు అడ్డంకుల నడుమ ఆ చిత్రకారులు ముఖానికి బదులు దేహాన్ని, నాయకునికి బదులు జనాన్ని మాట్లాడించారు. ముఖమే భావానికి నిలయమన్న చలనచిత్ర విమర్శలోని స్థిరాభిప్రాయాన్ని ఈ చిత్రాలు ప్రశ్నిస్తాయి. ముసుగు, బొమ్మ, వేషం ఆధారంగా సాగే ఇతర ప్రదర్శనకళలు తెరకెక్కిన తీరును పరిశీలించే పరిశోధకులకు ఇక్కడ గుర్తించిన ఆంగిక, సాత్త్వికాల పునర్విభజన ఒక ఆధారంగా ఉపకరిస్తుంది.