మాట, మోము, దేహరసాయనం

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమన్నది మన పెద్దల సామెత. దీనిని మనం నీతివాక్యంగానే ఎరుగుదుము. గత మూడు దశాబ్దాల పరిశోధనలను పరిశీలిస్తే ఇందులో కొంత రసాయనశాస్త్రం కూడా ఇమిడివున్నదని తెలుస్తుంది. పలికిన మాట క్షణంలో గాలిలో కలిసిపోతుంది. అది విన్నవారి రక్తంలోనికి విడుదల చేయించిన పదార్థం మాత్రం అంత త్వరగా పోదు.

ఆ పదార్థమే కార్టిసోల్ అనే హార్మోను. మనస్సు కలత చెందినపుడు మెదడులోని హైపోథలామస్ పీయూష గ్రంథిని హెచ్చరిస్తుంది. ఆ గ్రంథి పంపిన సందేశం అందుకొని, మూత్రపిండాలపై టోపీల వలె అమరివున్న అధివృక్క గ్రంథులు కొలెస్టరాల్ నుండి కార్టిసోల్‌ను తయారుచేస్తాయి. అడ్రినలిన్ నిమిషాలలో వచ్చి పోతుంది. కార్టిసోల్ మెల్లగా పెరుగుతుంది; రక్తంలో చేరిన దానిలో సగం తొలగిపోవడానికే సుమారు గంట లేక అంతకు పైగా పడుతుంది. ఆపదలో ఇది రక్తంలో చక్కెరను పెంచి మనలను ఆదుకొంటుంది. నిత్యమూ అధికంగా ఉంటే రోగనిరోధక శక్తిని కుంటుపరుస్తుంది. లాలాజలంలో సైతం దీనిని కొలవవచ్చును గనుక పరిశోధకులకు సూదితో పని లేదు.

1993లో జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు కిర్ష్‌బామ్, పిర్కే, హెల్‌హామర్ ఒక పరీక్షా విధానాన్ని ప్రకటించారు. పరీక్షార్థి కొద్దిమంది పరిశీలకుల ముందు నిలిచి ప్రసంగించాలి. పిమ్మట 1022 నుండి వరుసగా 13 చొప్పున తీసివేస్తూ పోవాలి. పరిశీలకులు తిట్టరు, ఎగతాళి చేయరు. చిరునవ్వు గాని, తల ఊపడం గాని లేకుండా చూస్తూ కూర్చుంటారు. అంతమాత్రానికే లాలాజలంలోని కార్టిసోల్ రెండు నుండి నాలుగు రెట్ల వరకు పెరిగినది.

2013లో జర్మనీలోని బోహుమ్ శాస్త్రజ్ఞులు ఈ పరీక్ష కాఠిన్యాన్ని తగ్గించి, పరిశీలకులను స్నేహపూర్వకంగా మెలగమన్నారు. అపరిచితుల ఎదుట మాట్లాడవలసి వచ్చినా ఈసారి కార్టిసోల్ పెరగలేదు. కటువైన మాటయే కాదు, నిర్లిప్తమైన ముఖం కూడా ఎదుటివారి దేహాన్ని కదిలించగలదని ఈ రెంటిని కలిపి చూస్తే బోధపడుతుంది.

ఇక దాంపత్యం సంగతి. 2005లో అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 42 జంటల చేతులపై చిన్న బొబ్బలు కల్పించి, అవి మానే తీరును గమనించారు. పరస్పరం ఆదరంగా మాట్లాడుకొన్న పర్యాయం కంటే విభేదాలను గూర్చి వాదించుకొన్న పర్యాయం గాయాలు నెమ్మదిగా మానాయి. అధిక వైరభావం కనబరచిన జంటలలో, తక్కువ వైరం గల జంటలతో పోలిస్తే, గాయం మానే వేగం 60 శాతం మాత్రమే. 'మాట మనసుకు తగులుతుంది' అంటాము. అది చర్మానికి కూడా తగులుతున్నదన్నమాట.

అందరి దేహాలూ ఒకే విధంగా స్పందించవు. బిడ్డను దిద్దడానికి అన్న ఒక గట్టి మాట విషమూ కాదు. కాని ప్రవాసంలో ఉన్న మన ఇండ్లలో ఆలోచించదగిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఇక్కడ పుట్టిన పిల్లవాడు పండుగనాడు అతిథుల ఎదుట తడబడుతూ ఒక తెలుగు వాక్యం పలుకుతాడు. పెద్దలు ముచ్చటపడియే నవ్వుతారు. వాడికి కనిపించేది మాత్రం నవ్వుతున్న ముఖాల వరుస. మరునాటి నుండి వాడు ఇంగ్లీషులోనే బదులిస్తే తప్పెవరిది? అట్లే ఆరునెలలు ఉందామని వచ్చిన అమ్మమ్మకు కొరత అన్నవస్త్రాలలో ఉండదు, సాయంత్రం ఇల్లు చేరినవారు ఫోను నుండి తల ఎత్తి "భోంచేశావా అమ్మా?" అని అడగకపోవడంలో ఉంటుంది.

కావున పిల్లవాడు తెలుగులో ఏదైనా అడిగినపుడు ముందు ఆ ప్రశ్నకు తెలుగులోనే సమాధానం చెప్పుదాం. ఉచ్చారణ దోషాన్ని అతిథులు వెళ్ళిన పిమ్మట, వాడు మనతో ఒంటరిగా ఉన్నపుడు దిద్దవచ్చును.