ఒకే అత్తరు, రెండు ముక్కులు

రంజాన్ నెల చివరికొచ్చేసరికి చార్మినార్ చుట్టుపక్కల అత్తరు దుకాణాల ముందు నిలబడటానికి చోటు దొరకదు. పండగకి కొత్త బట్టలతో పాటు అత్తరు కొనుక్కోవడం, అయినవాళ్లకి ఇవ్వడం పాతబస్తీలో తరాల అలవాటు. అడిగిన అత్తరుని దుకాణదారు చేతి మీద కొద్దిగా రాస్తాడు. వాసన చూసి, కాసేపు ఆగి, మళ్లీ చూసి అప్పుడు కొంటారు. డిసెంబరు సెలవుల్లో అమెరికా నుంచో దుబాయ్ నుంచో వచ్చే మనవాళ్ల సూట్‌కేసుల్లో మాత్రం సెంటు సీసాలు సీలు విప్పని డబ్బాల్లో దిగుతాయి. అవి పేరు చూసి కొన్నవి, ఇచ్చేవాళ్ల ముక్కుకి నచ్చినవి. ఈ రెండింటిలో అత్తరు దుకాణం పద్ధతే సరైనదని వాసనల శాస్త్రం చెబుతోంది.

ముక్కు లోపల పైభాగాన ఉండే చిన్న పొరలో నాడీకణాలుంటాయి. వాటి మీద వాసన అణువుల్ని పట్టుకునే గ్రాహకాలుంటాయి. వీటిని తయారుచేసే జన్యువుల కుటుంబాన్ని లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో కనిపెట్టారు. 2004లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మనిషిలో పనిచేసే గ్రాహకాలు సుమారు 400 రకాలు. ఒక్కో అణువుకి వాటిలో కొన్ని స్పందిస్తాయి. ఏవేవి కలిసి స్పందించాయన్నదాన్ని బట్టి ఇది మల్లె, ఇది కిరసనాయిలు అని మెదడు తేల్చుకుంటుంది. ఈ గ్రాహకాలు అందరిలోనూ ఒకేలా పనిచేయవు. ఏ ఇద్దరు మనుషుల్ని పోల్చినా వీటి జన్యు రూపాల్లో 30 శాతానికి పైగా పనితీరులో తేడా ఉంటుందని 2014లో వెలువడిన ఒక పరిశోధన అంచనా కట్టింది.

ఈ తేడా ఎంత దూరం పోతుందో బీటా అయోనోన్ అనే అణువు చూపిస్తుంది. వయొలెట్ పూల పరిమళంలో ముఖ్యమైనదిది, సెంట్లలో విరివిగా వాడతారు. న్యూజిలాండ్ శాస్త్రవేత్తలు 2013లో దీని గుట్టు బయటపెట్టారు. ఓఆర్5ఏ1 అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారితే చాలు, ఒకరికి కమ్మటి పూల వాసనగా తోచేది మరొకరికి పుల్లగా, ఘాటుగా, వెనిగర్‌లా తోస్తుంది. కృత్రిమ కస్తూరి సంగతీ ఇలాంటిదే. సబ్బుల్లో, సెంట్లలో బాగా వాడే గెలాక్సోలైడ్ కొందరికి అసలు తెలియదు. అక్కాచెల్లెళ్లు ఒకే సీసా గురించి వాదించుకుంటే ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు.

పెద్ద కంపెనీలకి ఇది వ్యాపార సమస్య. లక్షల సీసాలు అమ్మాలంటే ఎవరికీ వెగటు పుట్టకూడదు. అందుకే విడుదలకి ముందు ఎంతోమందితో వాసన చూపించి, అభ్యంతరం వచ్చిన వాసనల్ని తగ్గిస్తారు. నీష్ పర్ఫ్యూములు, అంటే కొద్దిమంది అభిరుచి కోసం చేసే సెంట్లు, దీనికి ఎదురు దారి పట్టాయి. జాన్ లాపోర్ట్ పారిస్‌లో 1976లో లార్టిజాన్ పర్ఫ్యూమర్ మొదలుపెట్టాడు. ఫ్రెడరిక్ మాల్ 2000లో మొదలుపెట్టిన సంస్థ సీసా మీద పరిమళం కూర్చిన నిపుణుడి పేరు వేసింది. కొద్దిమందికే నచ్చినా ఫరవాలేదు, వాళ్లకి మాత్రం బాగా నచ్చాలన్నది ఈ దారి.

ఈ దారి కొసని చూడాలంటే మాలిక్యూల్ 01 అనే సెంటు ఉంది. బెర్లిన్‌లో పనిచేసే గేజా షోన్ 2006లో తెచ్చిన ఈ సెంటులో పరిమళ పదార్థం ఒక్కటే: ఐసో ఇ సూపర్. అమెరికన్ సంస్థ ఐఎఫ్ఎఫ్ ప్రయోగశాలలో 1970లలో పుట్టిన అణువిది, మెత్తటి దేవదారు చెక్క వాసన. కొందరికి దీని వాసనే తెలియదు. కొందరికి వచ్చి, పోయి, గంట తర్వాత మళ్లీ వస్తుంది. అయినా బాగా అమ్ముడుపోయింది. ఇదే అణువు మామూలు సెంట్లు ఎన్నింటిలోనో ఉందని కూడా చెప్పాలి. ధరకీ దినుసుకీ సూటి సంబంధం ఉండదు. నీష్ అన్న మాటకి చట్టపరమైన నిర్వచనమూ లేదు. ఎస్టీ లాడర్ లాంటి మహా సంస్థ ఫ్రెడరిక్ మాల్‌ని, లె లాబో అనే మరో నీష్ సంస్థని కొనేసింది కూడా.

నా మట్టుకు నాకు, ఒక్క వాసనను పట్టుకుని చివరిదాకా వెళ్లే ఈ పట్టుదలకి అత్యుత్తమ ఉదాహరణ పారిస్‌లో లేదు, ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఉంది. అక్కడ తొలకరి వాసనని సీసాలో పడతారు. దాని పేరు మిట్టీ అత్తరు. కాల్చిన మట్టి ముక్కల్ని దేగ్ అనే రాగి బానలో నీళ్లతో వేసి, మూతి చుట్టూ మట్టి మెత్తి, కింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా భప్కా అనే పాత్రలోకి పోతుంది. అది నీళ్ల తొట్టెలో మునిగి చల్లగా ఉంటుంది, లోపల గంధపు నూనె ఉంటుంది. ఆవిరి చల్లబడ్డాక నీరు అడుక్కి చేరుతుంది, వాసన నూనెలో ఇంకుతుంది. నీటిని తీసేసి మళ్లీ మంట వేస్తారు. ఇలా రోజుల తరబడి చేస్తే అత్తరు చిక్కబడుతుంది. ఇసాబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 1964లో వాన వాసన మీద నేచర్ పత్రికలో రాసిన వ్యాసంలో ఈ భారతీయ అత్తరుని ప్రస్తావించారు. ఎండిన మట్టి, రాయి పీల్చుకున్న నూనెలు తేమ తగలగానే బయటికొస్తాయని వాళ్లు తేల్చారు. తడి నేల వాసనలో మరో భాగం జియోస్మిన్, మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియా తయారుచేసేది. నీటిలో లక్ష కోట్ల భాగాలకి కొన్ని భాగాలున్నా మన ముక్కు దీన్ని పసిగడుతుంది.

గంధపు నూనే ఎందుకంటే, అందులోని శాంటలాల్ అణువులు బరువైనవి, మెల్లగా ఆవిరవుతాయి. తేలికైన వాసనల్ని కూడా తొందరగా పోనివ్వవు. గంధం ధర పెరిగాక చాలామంది బదులుగా పారాఫిన్ ద్రవం వాడుతున్నారు, కొనేముందు అడగడం మంచిది. ఆల్కహాలు సెంట్లలో జరిగేది వేరు. చల్లిన నిమిషాల్లో ఆల్కహాలు ఎగిరిపోతుంది, తర్వాత నిమ్మ, నారింజ వాసనలు, కొన్ని గంటలకి పూలు. చెక్క, కస్తూరి మర్నాటికీ బట్టల మీద ఉంటాయి. దుకాణంలో కాగితపు ముక్క మీద మొదట తగిలేది ఎక్కువగా ఆ నిమ్మ, నారింజలే. దాన్ని చూసి కొంటే రోజంతా మనతో ఉండబోయే వాసనని చూడకుండానే కొన్నట్టు.

నీష్ సీసాల్లో కొన్ని మొదటిసారి వెగటనిపించడానికీ కారణముంది. మల్లె పరిమళంలో ఇండోల్ ఉంటుంది, అదే అణువు మలంలోనూ ఉంటుంది. అది తీసేస్తే మల్లె పలచబడి సబ్బు వాసనలా మిగులుతుంది. తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత మూలవిరాట్టుకి పూసే పునుగు తైలం పునుగు పిల్లి గ్రంథుల నుంచి వస్తుంది. చిక్కగా ఉన్నప్పుడు ఘాటైన జంతువు వాసన, బాగా పలచన చేస్తే వెచ్చటి సువాసన. దీని ముఖ్య అణువు సివెటోన్ 17 కర్బన పరమాణువుల వలయమని లియోపోల్డ్ రుజిచ్కా 1926లో నిరూపించాడు. అంత పెద్ద వలయం నిలవదని అప్పటి రసాయన శాస్త్రజ్ఞులు నమ్మేవారు. పెద్ద కంపెనీలు సాధారణంగా వెనక్కి నెట్టే ఈ వాసనల్ని నీష్ నిపుణులు ముందుకి తెస్తారు. అదంటే నాకు గౌరవం.

కాబట్టి పండక్కి ఎవరికైనా పరిమళం ఇవ్వాలనుకుంటే పెద్ద సీసా బదులు రెండేసి మిల్లీలీటర్ల చిన్న సీసాలు నాలుగైదు ఇవ్వండి. పుచ్చుకున్నవాళ్లు రోజుకొకటి మణికట్టు మీద వేసుకుని సాయంత్రం దాకా చూసుకుంటారు. నచ్చినది తర్వాత కొనివ్వచ్చు. వీలైతే వాళ్లనే దుకాణానికి తీసుకెళ్లండి, రెండు మూడు కంటే ఎక్కువ వాసన చూడనివ్వకండి. నడుమ కాఫీ గింజలు వాసన చూస్తే ముక్కు తేరుకుంటుందని దుకాణాల్లో పెడతారు గానీ, 2011లో చేసిన ప్రయోగంలో మామూలు గాలి కంటే అవి మెరుగ్గా పనిచేయలేదు. నచ్చిన సీసాని బీరువాలో చీకటిలో, చల్లగా ఉంచి వాడుకోమనండి. తెరిచాక గాలి తగిలితే నిమ్మ, నారింజ నూనెల్లోని లిమొనీన్ ఆక్సీకరణ చెందుతుంది. అలా మారిన లిమొనీన్ కొందరికి చర్మం మీద దురద, దద్దు తెస్తుంది.